లారీ పడితే ఎవరిని పిలవాలి? టోచన్, రికవరీ వ్యాన్, హైడ్రా, పెద్ద క్రేన్: ఏది దేనికి

లారీ రోడ్డు మధ్యలో ఆగినా, మోరీలోకి ఒరిగినా, చేనులో పల్టీ కొట్టినా చిత్తూరు, తిరుపతి వైపు మొదట వినిపించే మాట ఒకటే: "హైడ్రాకు ఫోన్ కొట్టండి." హైడ్రా, అంటే లోడు పట్టుకుని తిరిగే చిన్న క్రేన్, దగ్గర్లోనే దొరుకుతుంది, గంట లెక్కన వస్తుంది, చాలా పనులు చేస్తుంది. దానివల్ల కాని పనికి పిలిచినప్పుడే రెండో ప్రమాదం జరుగుతుంది. ఆ రెండోదాంట్లో దెబ్బ తగిలేది బెల్టు పట్టుకున్న కూలీకో, పక్కన నిలబడి సైగ చేస్తున్న క్లీనర్‌కో. అందుకే ఎవరిని పిలవాలన్నది రేటు చూసి, ఎంతసేపట్లో వస్తారో చూసి తేల్చే విషయం కాకూడదు.

ఫోన్ చేసే ముందు డ్రైవర్‌ను నాలుగు సంగతులు అడగండి. బండి చక్రాల మీద నిలబడి ఉందా, ఒరిగి ఉందా, పూర్తిగా పడిందా? లోడుతో కలిపి ఎంత బరువు? కాటా చీటీ చేతిలో ఉంటే అందులోని అంకె చెప్పమనండి. చక్రాల కింద తారు ఉందా, గట్టి మట్టా, బురదా? లోపల ఏముంది? నాలుగు ఫోటోలు కూడా పంపమనండి: ముందు నుంచి, వెనక నుంచి, రెండు పక్కల నుంచి. పైన కరెంటు తీగ ఉంటే అది కూడా ఫోటోలో పడాలి. ఈ వివరాలు అడగకుండా "వచ్చేస్తున్నాం అన్నా" అనే రికవరీ వాళ్లకు పని ఇవ్వకపోవడమే మంచిది.

బరువు దగ్గరే ఎక్కువమంది తప్పుతారు. నిబంధనల ప్రకారం నింపిన 10 చక్రాల లారీ మొత్తం సుమారు 28 టన్నులు, 12 చక్రాలది 35, 14 చక్రాలది 42, 16 చక్రాలది 47.5 టన్నులు. ట్రెయిలర్ 55 దాకా వెళ్తుంది. "పదిహేను టన్నుల లోడే సార్" అని డ్రైవర్ చెప్పేది సరుకు బరువు. బండి సొంత బరువు దానికి కలపాలి.

లాగడానికి పట్టే బలం మాత్రం బరువును బట్టే కాక నేలను బట్టి కూడా మారుతుంది. రికవరీ పనిలో వాడే మోటు లెక్క ఇది: చదునైన తారురోడ్డు మీద బరువులో ఇరవై అయిదో వంతు బలం చాలు. అంటే 28 టన్నుల లారీకి టన్నుకు కాస్త పైన. ఘాట్‌లో నూటికి ఆరు మీటర్ల ఎక్కుడు ఉంటే ఇంకో 1.7 టన్నులు కలుస్తాయి. అదే బండి వానాకాలంలో చేనులోకి దిగి చక్రాల ఎత్తు దాకా బురదలో కూరుకుంటే, కదిలించడానికి దాదాపు దాని బరువంతా, అంటే 28 టన్నుల లాగుడు కావాలి. మడ్‌గార్డు దాకా దిగితే దానికి రెట్టింపు. తారు మీద ఇంకో లారీ లాగేసిన బండినే చేనులోంచి లాగబోయి ఛాసిస్ హుక్కులు ఊడొచ్చేది ఈ లెక్క తెలియకే.

బండి చక్రాల మీదే ఉంటే

ఇంజన్ నడుస్తూ, గాలి నిండుతూ, బ్రేకు, స్టీరింగ్ పనిచేస్తుంటే టోచన్ (ఇంకో బండికి కట్టి లాగించడం) చాలు. క్లచ్ పోయినా, గేర్ ఇరుక్కున్నా చదును రోడ్డు మీద అయిదారు కిలోమీటర్లు ఇలా తీసుకెళ్లవచ్చు. రోప్ కంటే గట్టి ఇనుప బార్ మేలు. బార్ ఉంటే వెనక బండి ముందు బండిని గుద్దదు. రెండు బండ్ల మధ్య దూరం 5 మీటర్లు దాటకూడదు, వేగం గంటకు 25 కిలోమీటర్లు మించకూడదు, వెనక బండికి టోచన్‌లో ఉందని బోర్డు ఉండాలి.

ఇంజన్ ఆగిపోయిన బండికి మాత్రం రోప్ టోచన్ వద్దు. ఘాట్‌లో అయితే అసలు ఆలోచించవద్దు. పలమనేరు నుంచి చిత్తూరు వైపు మొగిలి ఘాట్ మీదుగా దిగేటప్పుడు 300 మీటర్లకు పైగా ఎత్తు తగ్గుతుంది. భాకరాపేట ఘాట్ ఇంకా ఇరుకు, మలుపులు దగ్గరదగ్గరగా ఉంటాయి. ఇంజన్ లేని బండికి గాలి రాదు. ట్యాంకులో మిగిలిన గాలి నాలుగైదుసార్లు బ్రేకు తొక్కితే అయిపోతుంది. అప్పుడు స్ప్రింగ్ బ్రేకులు వాటంతట అవే పట్టేసి చక్రాలు బిగుసుకుంటాయి. అలా బిగుసుకోకుండా ముందే విడిపించి ఉంటే ఆ బండికి బ్రేకే లేనట్టు, దాని బరువంతా ముందు బండి ఆపాలి.

ఇలాంటి బండికి సరైనది రికవరీ వ్యాన్: ముందు యాక్సిల్ కింద చేయి పెట్టి ఎత్తి, వెనక చక్రాల మీద లాక్కెళ్లే బండి. దానికి సొంత వించ్ (రోప్ చుట్టి లాగే యంత్రం), బూమ్ (ఎత్తే చేయి), గాలి గొట్టం ఉంటాయి. వచ్చే వ్యాన్ ఎత్తగలిగే బరువుతో పాటు దాని సొంత బరువు, చక్రాల నడుమ దూరం కూడా అడగండి. లెక్క ఇలా: లోడు లారీ ముందు యాక్సిల్ మీద 7 టన్నులు ఉంటే, ఆ 7 టన్నులు వ్యాన్ వెనక యాక్సిల్‌కు 3 మీటర్లు వెనక వేలాడతాయి. వ్యాన్ చక్రాల నడుమ 5 మీటర్లుంటే దాని ముందు యాక్సిల్ మీంచి 4 టన్నులకు పైగా తేలిపోతుంది. చిన్న వ్యాన్ అయితే స్టీరింగ్ తిప్పినా ముందు చక్రాలు రోడ్డును పట్టవు. ఘాట్ మలుపులో ఇదే అసలు ముప్పు. ఎత్తిన తర్వాత వ్యాన్ ముందు యాక్సిల్ మీద దాని మామూలు బరువులో కనీసం సగమైనా మిగలాలి. మిగలకపోతే ముందు లోడు మార్చాలి, లేదా ఇంకా పెద్ద వ్యాన్ తెప్పించాలి.

కదిలే ముందు ప్రొపెల్లర్ షాఫ్ట్ విప్పించండి, లేదా వెనక యాక్సిళ్లు లాగించండి. నాలుగు బోల్టులు విప్పడానికి అరగంట దండగ అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. ఇంజన్ ఆగి ఉండగా వెనక చక్రాలు తిరిగితే గేర్‌బాక్స్‌లో మెయిన్ షాఫ్ట్ తిరుగుతుంది, కింది షాఫ్ట్ తిరగదు, దాంతో పైకి ఆయిల్ చిమ్మదు. ఇరవై కిలోమీటర్లు అలా వెళ్తే బేరింగులు నల్లబడి పట్టేస్తాయి. క్లచ్ ప్లేటు పోయిందని షెడ్డుకు వెళ్లిన బండి గేర్‌బాక్స్ కూడా పోగొట్టుకుంటుంది. విప్పిన షాఫ్ట్‌ను కింద వేలాడనివ్వకుండా తీసి క్యాబిన్‌లో పెట్టాలి.

స్ప్రింగ్ బ్రేకు విడిపించడానికి వ్యాన్ నుంచి గాలి ఇవ్వడం మొదటి మార్గం. గాలి నిలవకపోతే బ్రేకు ఛాంబర్ పక్కనే అమర్చి ఉండే విడుదల బోల్టు తీసి, వెనక రంధ్రంలో పెట్టి, పావు చుట్టు తిప్పి, నట్టు బిగించాలి. ఈ పని మొదలెట్టే ముందే చక్రాలకు ముందూ వెనకా అడ్డు దిమ్మలు పడాలి, వ్యాన్ బండిని పట్టుకుని ఉండాలి. ఛాంబర్ చుట్టూ ఉండే బిగింపు రింగును మాత్రం ఎవరూ విప్పకూడదు. లోపలి స్ప్రింగ్ టన్నుకు పైగా బలంతో నొక్కి ఉంటుంది. రింగు ఊడితే మూత తుపాకీ గుండులా ఎగిరొచ్చి మనిషి ప్రాణం తీస్తుంది.

ఘాట్‌లో బ్రేకులు కాలి ఆగిన బండికి ఒక మాట: డ్రమ్ముల మీద నీళ్లు చల్లవద్దు. ఎర్రగా కాలిన డ్రమ్ము పగులుతుంది. గంటసేపు ఆరనివ్వండి. ఆ గంటలో పై మలుపు దగ్గర ఒక మనిషిని నిలబెట్టండి.

రోడ్డు దిగి ఒరిగితే

ఇక్కడ కావలసింది వించ్, కప్పీ. ఎత్తాలన్న తొందర వద్దు. కప్పీని కూరుకున్న బండికి తగిలించి రోప్ కొసను వెనక్కి తెస్తే వించ్ మీద భారం సగమవుతుంది. అదే సమయంలో కప్పీ మీద, దాన్ని పట్టిన షాకిల్ (పిన్నుతో మూసే ఇనుప కొక్కెం) మీద రోప్ లాగుడుకు రెట్టింపు భారం పడుతుందని గుర్తుంచుకోవాలి. వించ్‌కు సరిపడా షాకిల్ తెచ్చి కప్పీకి వాడితే విరిగేది అక్కడే.

జేసీబీని చాలామంది లాగడానికి పిలుస్తారు. జేసీబీ బరువు సుమారు 8 టన్నులు. ఏ బండీ నేల మీద తన పట్టును మించి లాగలేదు. మట్టి మీద దాని లాగుడు నాలుగైదు టన్నుల దగ్గర ఆగిపోతుంది. బురదలో కూరుకున్న 28 టన్నుల ముందు అది ఏమూలకు? అయినా దాన్ని పిలవాల్సిన పని ఒకటుంది: చక్రాల ముందు మట్టి తవ్వి, ఏటవాలు దారి చేసి, రాళ్లో తుక్కో పరచడం. నిండా కూరుకున్న చక్రం ముందు గోడలా నిలిచిన మట్టిని తీసేస్తే కావలసిన బలం సగానికి సగం పడిపోతుంది. ముందు గంటసేపు జేసీబీతో తవ్వించి, తర్వాత వించ్‌తో మెల్లగా లాగించడం మేం ఎప్పుడూ సిఫారసు చేసే వరస. ఇటాచీ (పెద్ద తవ్వే యంత్రం) 20 టన్నుల పైన ఉంటుంది కాబట్టి చేలల్లో అడ్డు ఆధారంగా, అంటే వించ్ కట్టే లంగరుగా బాగా పనికొస్తుంది.

లాగే దిశ బండి దిగిన దిశకు ఎదురుగా ఉండాలి. వచ్చిన గాడిలోనే వెనక్కి రావాలి. పక్కకు లాగితే కల్వర్టు అంచున ఒరిగి ఉన్నది పూర్తిగా పడిపోతుంది. ఒరిగిన బండికి లాగుడు మొదలు కాకముందే ఎదురు పక్క నుంచి ఒక బెల్టు వేసి పట్టి ఉంచాలి.

పూర్తిగా పడితే: హైడ్రా ఎక్కడి దాకా

హైడ్రా మీద రాసిన 14 టన్నులు బూమ్ పూర్తిగా మడిచి, కొక్కెం ముందు చక్రాలకు ఆనుకుని ఉన్నప్పటి మాట. బూమ్ చాచి 5 మీటర్ల దూరం వెళ్లేసరికి అందులో చిన్న భాగమే మిగులుతుంది. క్యాబిన్‌లో అంటించిన చార్టు చూపించమని అడగండి. చార్టు లేని బండికి లెక్క లేదు. రెండోది, హైడ్రాకు కాళ్లు ఉండవు, నడుము దగ్గర మడిచి తిరుగుతుంది. లోడు పట్టుకుని మలుపు తిరిగినప్పుడు దాని బరువు కేంద్రం పక్కకు జరుగుతుంది. ఏటవాలు బెర్ము (రోడ్డు పక్క మట్టి అంచు) మీద తిరిగిన హైడ్రా పక్కకు పడిపోవడానికి పెద్ద గాలి అక్కర్లేదు.

అయితే దానికి తగిన పనులున్నాయి: ఖాళీ చిన్న లారీని లేపడం, ఊడిన ఇంజన్, గేర్‌బాక్స్, యాక్సిల్ ఎత్తడం, మామిడి పల్ప్ డ్రమ్ములు ఒక్కొక్కటే ఏరడం. మే, జూన్, జులైల్లో చిత్తూరు చుట్టుపక్కల తోతాపురి మామిడి లారీలు, పల్ప్ డ్రమ్ముల లారీలు తిరుగుతాయి. నిండిన డ్రమ్ము ఒక్కోటి 200 కిలోలకు పైనే. పడిన బండిలో డ్రమ్ములు ఉన్నాయంటే లేపే ముందు అవి దించాల్సిందే. లేపుతుండగా అవన్నీ ఒకేసారి అటు పక్కకు దొర్లుతాయి. మామిడికాయలు, టమాటా, సంచుల సరుకు కూడా ఇంతే. లోడు దించితే మూడు గంటలు పడుతుందని గొణుగుతారు. దించకుండా లేపితే బాడీ చీలుతుంది, ఛాసిస్ మెలిక పడుతుంది, ఒక్కోసారి బండి అటు పక్కకు పడుతుంది.

రెండు హైడ్రాలు చెరోవైపు కట్టి ఎత్తుదామనే సలహా తప్పకుండా వస్తుంది. వాటిలో ఏదో ఒకటి కాస్త ముందు కదిలితే భారం ఎక్కువగా ఒక్కదాని మీదే పడుతుంది, అదీ పక్కవాటుగా. లోడు బండికి ఇది వద్దు. ఖాళీ బండికి అయితే ఒక్కో హైడ్రా చార్టులో నాలుగింట మూడు వంతుల కంటే తక్కువ పడేలా లెక్క వేసి, ఒక్క మనిషి సైగతోనే చేయాలి.

కుప్పం వైపు గ్రానైట్ బ్లాకులది వేరే కథ. గ్రానైట్ ఘనపు మీటరు 2.7 టన్నులు తూగుతుంది. 3 మీటర్ల పొడవు, 1.8 వెడల్పు, 1.8 ఎత్తు ఉన్న ఒక్క బ్లాకు 26 టన్నులు. దానికి కాళ్లు చాచి నిలబడే పెద్ద టెలిస్కోపిక్ క్రేన్ కావాలి. 50 టన్నుల క్రేన్ అని పేరు విని ఒప్పుకోవద్దు. 6 మీటర్ల దూరంలో దాని శక్తి సగానికి పడుతుంది, ఆ బ్లాకుకు చాలకపోవచ్చు. 80 టన్నులదో ఇంకా పెద్దదో, చార్టులో ఆ దూరానికి ఉన్న అంకె చూసి తేల్చండి. క్రేన్ కాళ్ల కింద మందపాటి చెక్క దిమ్మలు, స్లీపర్లు పరచాలి. లోయ అంచుకు కాళ్లు ఎంత దూరం ఉండాలన్నదానికి కనీస లెక్క: గుంత ఎంత లోతుంటే అంత దూరం. మట్టి మెత్తనైతే దానికి రెండు రెట్లు. ఘాట్‌లో రక్షణ గోడ ఉన్నంత మాత్రాన ధైర్యం చేయవద్దు. ఆ గోడ క్రేన్ కాలును మోయడానికి కట్టింది కాదు.

లేపేటప్పుడు బెల్టులు ఛాసిస్‌కు, యాక్సిల్‌కు, కమాను కట్టల బ్రాకెట్లకు వేయాలి. బంపర్, క్యాబిన్, డీజిల్ ట్యాంకు, బాడీ కొక్కేలకు వేయకూడదు. పడిన బండిని తిప్పి నిలబెట్టడానికి మొదట్లో దాని బరువులో సుమారు సగం బలం పడుతుంది, తర్వాత తగ్గుతూ వస్తుంది, ఒక చోట సున్నా అవుతుంది. ఆ చోటు దాటగానే బండి తన బరువుతో తానే చక్రాల మీద పడుతుంది. అప్పుడు పట్టి ఆపడానికి అవతలి వైపు రెండో వించ్ రోప్ బిగించి ఉండాలి. అది లేకపోతే కమాను కట్టలు విరుగుతాయి, లేదా బండి రెండో పక్కకు బోర్లా పడుతుంది. ఈ రెండో రోప్ గురించి రికవరీ మనిషిని ముందే అడగండి. ఎక్కడ కడతాడో చెప్పగలిగితే అతనికి పని తెలుసు.

కంటైనర్ ట్రెయిలర్ అయితే మూల తాళాలు విప్పి కంటైనర్‌ను విడిగా ఎత్తాలి. నిండిన నలభై అడుగుల కంటైనర్ ఒక్కటే 30 టన్నుల దాకా ఉంటుంది.

ట్యాంకర్ అయితే ఆగండి

గ్యాస్, పెట్రోలు, యాసిడ్ ట్యాంకర్ పడితే పై లెక్కలేవీ మొదలుపెట్టవద్దు. 112కు, అగ్నిమాపక దళానికి 101కు, వంటగ్యాస్ కారుతుంటే 1906కు చెప్పండి. ట్యాంకర్ వెనక, పక్కల బోర్డు మీద పదార్థం నంబరు, కంపెనీ ఫోన్ నంబరు ఉంటాయి. దూరం నుంచి ఫోటో తీసి పంపండి. వంటగ్యాస్ గాలికంటే బరువు, రోడ్డు పక్క కాలువల్లో, పల్లంలో నిలుస్తుంది. అందుకే గాలి వచ్చే దిక్కున, ఎత్తులో నిలబడాలి. ఆ పల్లంలో హైడ్రా స్టార్ట్ చేస్తే ఆ నిప్పురవ్వే చాలు. కంపెనీ రక్షక బృందం వచ్చి సరుకును వేరే ట్యాంకర్‌లోకి మార్చాకే క్రేన్.

పాల ట్యాంకర్‌కు అంత భయం లేదు. సగం నిండిన పాలు మాత్రం లేపేటప్పుడు ఒక్కసారిగా అటు పక్కకు పారి బండిని తోస్తాయి. పంపుతో ఖాళీ చేసి లేపండి.

రోప్, బెల్టు, మనుషులు

20 మిల్లీమీటర్ల మంచి ఇనుప రోప్ సుమారు 25 టన్నుల దగ్గర తెగుతుంది. వాడదగింది అందులో అయిదో వంతు, అంటే 5 టన్నులు. 13 మిల్లీమీటర్ల గ్రేడ్ 80 చైన్‌కు 5.3 టన్నులు. ఒక అంగుళం షాకిల్‌కు 8.5 టన్నులు. షాకిల్ పిన్ను బదులు బోల్టు దూర్చి ఉంటే దాన్ని పక్కన పడేయించండి. ఒక మెలిక పొడవులో ఆరు తీగలు తెగిన రోప్, అంచు చిరిగిన బెల్టు, లేబుల్ ఊడిన బెల్టు వాడకూడదు.

ఒకే కొక్కేనికి రెండు కాళ్ల బెల్టు వేసినప్పుడు కోణం చూడండి. నేలతో 60 డిగ్రీలుంటే ఒక్కో కాలికి బరువులో 58 శాతం, 45 ఉంటే 71 శాతం. బెల్టు చాలక బాగా చాచి 30కి తెస్తే ఒక్కో కాలికీ మొత్తం బరువు పడుతుంది. పొడుగు బెల్టు తెమ్మనడం ఇందుకే.

బిగిసిన రోప్ తెగితే దాని పొడవంతా కొడుతుంది. అందుకే ఆ పొడవుకు ఒకటిన్నర రెట్ల దూరంలో ఎవరూ ఉండకూడదు. కప్పీ దగ్గర రోప్ మలుపు లోపలి వైపు అసలు నిలబడకూడదు. రోప్ మధ్యలో తడి గోనెసంచులు వేస్తే తెగినప్పటి విసురు తగ్గుతుంది. చుట్టూ చేరిన జనం తలా ఒక సైగ చేస్తారు. క్రేన్ డ్రైవర్ ఒక్క మనిషి సైగే చూడాలని, "ఆపు" అని ఎవరు అరిచినా మాత్రం ఆపాలని ముందే చెప్పండి.

పైన కరెంటు తీగలుంటే బూమ్‌కు, తీగకు మధ్య కనీసం 3 మీటర్లు వదలాలి. వీలు కాకపోతే 1912కు చెప్పి లైన్‌మన్‌తో ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే కరెంటు ఆపించడం) తీసుకుని పని చేయాలి.

60 కిలోమీటర్ల వేగంతో వచ్చే లోడు లారీ డ్రైవర్ చూసి, తొక్కి, ఆగేసరికి తారు మీద 60 మీటర్లు పడుతుంది. దిగుడులో ఇంకా ఎక్కువ. అందుకే త్రికోణం బోర్డు బండి వెనక పది అడుగుల్లో పెడితే ఉపయోగం లేదు. చదునులో వంద మీటర్లు, ఘాట్‌లో మలుపుకు అవతల పెట్టండి. మన వైపు రాళ్లు, చెట్టు కొమ్మలు పెట్టే అలవాటు ఉంది. పని అయ్యాక ఆ రాళ్లు తీయకుండా వెళ్తే రాత్రి బైకు మీద వచ్చేవాడు వాటిని గుద్దుకుంటాడు. తీసి పక్కన పడేసే పని క్లీనర్‌కు ఒప్పగించండి. రోడ్డు మీద ఒలికిన ఆయిల్ మీద మట్టి చల్లించండి. రోడ్డుకు అడ్డం లేకుండా చేనులో పడిన బండిని రాత్రి లేపాల్సిన పనే లేదు. తెల్లవారాక చేయండి.

డబ్బు, కాగితాలు

జాతీయ రహదారి మీద అయితే 1033కు ఫోన్ చేయండి. టోల్ రోడ్డు వాళ్ల క్రేన్, గస్తీ బండి వచ్చి దారి ఖాళీ చేస్తాయి. లోడు బండిని షెడ్డు దాకా చేర్చే ఏర్పాటు మీదే. హైడ్రాకు గంట రేటు, కనీసం ఎన్ని గంటలు, వచ్చి పోయే దారికి లెక్క ఉందా అడగండి. రికవరీ వ్యాన్‌కు కిలోమీటరు రేటులో తిరుగు ప్రయాణం, కూలీలు, రాత్రి అదనం కలిసి ఉన్నాయా అడిగి, వాట్సాప్‌లో రాయించుకోండి. బండి గాల్లో వేలాడుతున్నప్పుడు బేరం ఆడే స్థితికి రావద్దు.

ఎవరికైనా దెబ్బ తగిలితే పోలీసులు చూసే వరకు, బండికి పెద్ద నష్టమైతే బీమా స్పాట్ సర్వే అయ్యే వరకు కదపవద్దు. రోడ్డు మూసుకుపోయి కదపాల్సి వస్తే ముందే ఫోటోలు, వీడియో తీసి కంపెనీకి పంపండి. మామూలు వాణిజ్య వాహన పాలసీలో బండిని షెడ్డుకు చేర్చే ఖర్చు కింద వచ్చేది రూ.2,500 వరకే. ఘాట్‌లో తిరిగే బండికి పాలసీ తీసుకునేటప్పుడే అదనపు టోయింగ్ కవర్ కొనండి.

నిలబెట్టిన బండిని వెంటనే స్టార్ట్ చేయవద్దు. పక్కకు పడి ఉన్నప్పుడు ఆయిల్ సిలిండర్లలోకి, గాలి గొట్టంలోకి చేరుతుంది. ద్రవం నొక్కుడు పడదు కాబట్టి సెల్ఫ్ కొట్టగానే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. లేదా ఆ ఆయిల్‌నే మండించుకుని ఇంజన్ ఆపినా ఆగకుండా పరుగెడుతుంది. ముందు బ్యాటరీ నెగటివ్ తీసి ఉంచండి, మెకానిక్ ఇంజెక్టర్లు విప్పి, ఇంజన్‌ను చేత్తో తిప్పి, ఆయిల్ మట్టం చూశాకే తాళం తిప్పనివ్వండి.